కణత్వచము గోడ యనెడి వాదము: ఒక ఖండనము

జీవకణమును గూర్చి మన కళాశాలల పాఠ్యగ్రంథములయందును, ప్రవేశపరీక్షలకు తరిఫీదు నిచ్చు శిక్షణాలయముల నోట్సులయందును, తుదకు వైద్యుడు రోగికి చక్కెరవ్యాధిని గూర్చి చెప్పు నాలుగు మాటలయందును గూడ ఒక అభిప్రాయము వేళ్లూని యున్నది. కణమును చుట్టియున్న త్వచము కొవ్వుతో గట్టిన గోడ యనియు, ఆ గోడలో నక్కడక్కడ పొదిగిన ప్రోటీనులే ద్వారములు, ద్వారపాలకులు, వార్తాహరులు ననియు, హార్మోను వచ్చి గ్రాహకమను ప్రోటీనును తాకగా నది లోపలి మఱియొక ప్రోటీనును, అది వేఱొక ప్రోటీనును మేలుకొల్పుచుండ వార్త కేంద్రకమును చేరుననియు, ఈ వ్యవహార మంతటిలో కొవ్వునకు లోపలిదానిని లోపలను, వెలుపలిదానిని వెలుపలను నిలుపుట తప్ప వేఱు పని లేదనియు నా యభిప్రాయము యొక్క సారము. కణత్వచము చేయు పని యేమని పరీక్షలో నడిగినప్పుడు రక్షణమనియు, ఎంపికతో గూడిన పారగమ్యత యనియు వ్రాసిన విద్యార్థి పూర్తి మార్కులతో బయటపడుచున్నాడు. ఈ యభిప్రాయము కొంత కొఱతపడినది మాత్రమే కాదు, మూలమునందే తప్పు అని నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఖండింపబూనిన వాదమును ముందుగా దాని బలముతో సహా చెప్పుట న్యాయము. ఆ వాదము నిరాధారముగా పుట్టినది కాదు. 1925లో గోర్టర్, గ్రెండెల్ అను నిద్దఱు డచ్చి శాస్త్రజ్ఞులు ఎఱ్ఱరక్తకణములనుండి కొవ్వును వేఱుచేసి, దానిని నీటిపై ఒక్క యణువు మందమున పఱచి చూడగా, అది యాక్రమించిన వైశాల్యము ఆ కణముల యుపరితలమునకు రమారమి రెట్టింపుగా నుండెను. త్వచము రెండు వరుసల కొవ్వుపొర యను సిద్ధాంతము ఆ లెక్కనుండియే పుట్టినది. పిమ్మట 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనాలో ఆ కొవ్వు కదలుచుండు సముద్రమయ్యెను, ప్రోటీనులు దానిలో తేలుచుండెను. చిత్రము సుందరమైనది, నేటికిని పెక్కుపాళ్లు సత్యమైనది. కాని ఆ చిత్రమును చూచినవాని కన్ను సహజముగనే తేలుచున్నదానిపై నిలిచినది, తేల్చుచున్నదానిపై నిలువలేదు. దీనికి తోడు ప్రతి ప్రోటీనునకును ఒక జన్యువు కలదు, కొవ్వునకు తనదియైన జన్యువు లేదు, ఎంజైములు దానిని కూర్చవలసినదే. కావున జన్యుశాస్త్రము విజృంభించిన యర్ధశతాబ్దమున ప్రోటీనులకు పేర్లు, వంశవృక్షములు, చరిత్రలు లభించినవి, కొవ్వు పేరులేని జనసామాన్యమువలె మిగిలిపోయినది. పూర్వపక్షమునకు గల బలము ఇంతే.

ఇక సిద్ధాంతము. కణత్వచమునందలి కొవ్వులలో కొన్ని కణము తన వార్తలను వ్రాసికొనెడి లిపి. ఆ లిపిని చదువుటకై ప్రత్యేకముగా మలచబడిన ఖండములు, అనగా డొమైనులు, వందలాది ప్రోటీనులలో నున్నవి. వార్త యెక్కడ వ్రాయబడునో అక్కడకు ప్రోటీను చేరును. వ్రాత చెఱపబడినంతనే ప్రోటీను విడిపోవును. కావున వార్తను నడపువాడు ప్రోటీను, నడుపబడు నేల కొవ్వు అను విభజనమే నిలువదు. ఈ మాటను ప్రమాణములతో నిలుపవలసియున్నది.

మొదట ఆ లిపి యెట్టిదో చూతము. త్వచమందలి ఫాస్ఫోలిపిడ్లలో ఫాస్ఫటిడైలినాసిటాల్ అను నొక జాతి కలదు. దాని తోకలు రెండును కొవ్వుపొరలో మునిగి యుండును. దాని శిరస్సైన ఇనాసిటాల్ అను నాఱు కర్బనముల వలయము కణము లోపలి నీటివైపు తల యెత్తి యుండును. ఆ వలయమున మూడవ, నాలుగవ, ఐదవ స్థానములయందు ఎంజైములు ఫాస్ఫేటును తగిలింపవచ్చును, ఊడదీయవచ్చును. మూడు స్థానములు, ప్రతిదానియందును ఫాస్ఫేటు ఉండుటయో లేకపోవుటయో. ఇట్లు ఫాస్ఫేటు తగిలిన రూపములు ఏడు ఏర్పడును. ఈ యేడింటికిని కణములో వేర్వేఱు నివాసములు కలవు: నాలుగవ, ఐదవ స్థానములయందు ఫాస్ఫేటు గల పిప్2 ముఖ్యముగా బయటి త్వచమునందును, నాలుగవ స్థానమున మాత్రము గలది గాల్జీ యవయవమునందును, మూడవ స్థానమున మాత్రము గలది కణము లోపలికి మ్రింగిన తొలి సంచులయందును నివసించును. మూడు స్థానములును నిండిన పిప్3 విశ్రాంతిలోనున్న కణమున దాదాపు కానరాదు. హార్మోను తాకిన కొలది క్షణములలో పుట్టును. గోడకు కట్టిన ఇటుకలు గది గదికి పేరు మార్చుకొని, అతిథి రాగానే రూపు మార్చుకొనునా? పూర్వపక్షి దీనికి సమాధానము చెప్పవలయును.

పూర్వపక్షి చెప్పు మొదటి సమాధానము చరిత్రలో వాస్తవముగనే చెప్పబడినది. 1953లో మేబెల్ హోకిన్, లోవెల్ హోకిన్ దంపతులు క్లోమగ్రంథి ముక్కలకు అసిటైల్‌కోలిన్‌ను తగిలించి, రేడియోధార్మిక భాస్వరమును వెంటాడి చూడగా, ఆ భాస్వరము ఫాస్ఫోలిపిడ్లలోనికి విశేషముగా చేరుచున్నట్లు కనుగొనిరి. అనగా బయటి సంకేతము తాకగానే కొవ్వు కదలినది. కణము స్రవించుచున్నది గనుక దాని పొరలు చెడును, వానిని బాగుచేసికొనుట కీ కదలిక, ఇది సంకేతము కాదు, సంకేతమునకు వెనుక పడియున్న చెత్త యని పలువురు తీర్పు చెప్పిరి. 1975లో రాబర్ట్ మిచెల్ ఈ కదలికకును, కణములోని కాల్షియపు పెరుగుదలకును సంబంధము కలదని వాదించెను. 1983లో స్ట్రెబ్, ఇర్విన్, బెరిడ్జ్, షుల్జ్ అనువారు పిప్2ను కోయగా విడివడెడి ఇనాసిటాల్ ట్రిస్‌ఫాస్ఫేటు కణము లోపలి నిల్వలనుండి కాల్షియమును విడిపించునని, ఆ క్లోమగ్రంథి కణములయందే, చూపిరి. చెత్త యని త్రోసివేయబడినదే వార్త యని తేలుటకు ముప్పది సంవత్సరములు పట్టినది. ఆ ముప్పది సంవత్సరముల ఆలస్యమునకు కారణము పరికరముల లోపము కాదు. కొవ్వు పనిచేయదను ముందు నిశ్చయమే ఆ కారణము.

పరికరముల మాట వచ్చినది గనుక మన గోదావరీ మండలమున కొక బాధ్యత కలదు. భీమవరమున 1895లో జన్మించి, రాజమహేంద్రవరమున చదువుకొని, హార్వర్డుకు వెడలిన యల్లాప్రగడ సుబ్బారావు తన గురువు సైరస్ ఫిస్కేతో కూడి భాస్వరమును రంగుచేత కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. మాలిబ్డేటుతో కలిసిన భాస్వరమును తగిన క్షయకరణితో తాకింపగా నీలవర్ణము పుట్టును. నీలము గాఢమైన కొలది భాస్వరము హెచ్చు. త్వచము రెండు పొరల కొవ్వని గోర్టర్, గ్రెండెల్ చెప్పిన సంవత్సరమును అదియే యగుట గమనింపదగినది. సుబ్బారావు ఆ పద్ధతితోనే కండరమునందలి ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని ఫిస్కేతో కలసి వెలికి దీసెనని మనవారు గర్వముతో చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. కాని 1959లో బార్ట్‌లెట్ ఆ నీలవర్ణ పద్ధతినే కొలది మార్పులతో ఫాస్ఫోలిపిడ్లకు తగిలించెననియు, నాటినుండి త్వచముపై పనిచేయు ప్రయోగశాలలలో ఎంత కొవ్వు కలదో తేల్చుటకు ఆ నీలమే ప్రమాణముగ నిలిచెననియు మన పుస్తకములు చెప్పవు. ఏటీపీని కనుగొన్న మన సుబ్బారావును కీర్తించుచు, ఆయన పద్ధతితోనే కొలువబడిన ఫాస్ఫోలిపిడ్లను గోడసున్నముగ భావించుట కీర్తించువారికి తగిన పని కాదు.

ఇప్పుడు చదివెడి డొమైనులను గూర్చి. రక్తఫలకములలో నుండు ప్లెక్‌స్ట్రిన్ అను ప్రోటీనునందు రెండుమార్లు కనబడిన నూఱు, నూట యిరువది యమైనో ఆమ్లముల ఖండమొకటి మఱి యనేక ప్రోటీనులలోనుండుటను 1993లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. దానికి ప్లెక్‌స్ట్రిన్ సమరూప డొమైను, సంగ్రహముగా పీహెచ్ డొమైను అని పేరు. మనుష్య జీనోమున నిట్టి డొమైను గల ప్రోటీనులు సుమారు 250 కలవు. అది యేడు పట్టీలు రెండు తలములుగా మడిచిన యొక పాత్రవంటి కట్టడము. ఒక ప్రక్క సర్పిలమొకటి దానికి మూతయై నిలుచును. పాత్ర నోటియొద్ద లైసిన్, ఆర్జినిన్ అను ధనవిద్యుత్తు గల యమైనో ఆమ్లములు కూడియుండును. ఫాస్ఫేటు ఋణవిద్యుత్తు గలది. 1994లో ఫెసిక్ బృందము పీహెచ్ డొమైనులు పిప్2 గల కొవ్వుబుడగలకు అంటుకొనుటను చూపెను. 1995లో ఫాస్ఫోలిపేజ్ సీ డెల్టా యను ఎంజైము యొక్క పీహెచ్ డొమైను పిప్2 శిరస్సును పట్టియున్న స్ఫటికచిత్రము వెలువడినది. శిరస్సునందలి నాలుగవ, ఐదవ ఫాస్ఫేటులను వేళ్లవంటి యమైనో ఆమ్లములు వేర్వేఱుగ పట్టుకొనియుండుట ఆ చిత్రమున స్పష్టముగ కానవచ్చును. గోడను పట్టుకొనుటకు ఇంత సూక్ష్మమైన పాత్ర యేల? ఏ ఫాస్ఫేటు ఏ స్థానమున నున్నదో తెలిసికొనవలసిన యవసరము లేనిచో ప్రకృతి ఇట్టి కట్టడమును రెండువందలసార్లకు పైగా ఏల వాడెను?

ఈ పట్టును దగ్గఱగ చూపుటకు ఆత్రేయపురము పూతరేకులకన్న మంచి యుదాహరణము నాకు తోచలేదు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిఠాయి చేయు విధ మా ప్రాంతమునవారికి తెలియనిది కాదు. జయ బియ్యపు పల్చని పిండిలో ముంచిన సన్నని వస్త్రమును బోర్లించిన కుండపై ఒక్కమాఱు లాగగా, క్రింద కొబ్బరాకులమంట వేడికి పొర యొకటి తేలును. దానిని చీరకొంగు కన్న పలుచగ వలిచి తీయుదురు. మడతకు ముందు రేకుపై నేతిని చిలకరించి చక్కెరపొడి చల్లినప్పుడు పొడి యెక్కడ నిలుచునో చూచినవారికి సంగతి బోధపడును: నేయి తగిలిన చోట పొడి పట్టుకొని కూర్చుండును, ఎండు రేకుపై పడినది జారి పళ్లెములో రాలును. రేకును బట్టి కాదు, రేకుపై నేయి యెక్కడ తగిలినదో దానినిబట్టి తీపి యెక్కడ నుండవలెనో నిశ్చయింపబడును. మిల్లీమీటరును రెండు లక్షల భాగములు చేయగా వచ్చునంత మందముగల, అనగా సుమారు అయిదు నానోమీటర్ల కణత్వచమున పిప్2, పిప్3లు నేయివంటివి, పీహెచ్ డొమైనులు పొడివంటివి. భేద మొక్కటే: కణము తన నేతిని కోరిన క్షణమున కోరిన చోట చిలుకగలదు, అంతే త్వరితముగ తుడిచివేయగలదు.

పూతరేకు తిన్నవాని దేహమున జరుగునది ఇక యుపమానము కాదు, సాక్షాత్తు విషయము. నోట కరగిన చక్కెర రక్తమున చేరగానే క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను విడుచును. కండరకణమునందలి గ్రాహకము ఇన్సులిన్‌ను పట్టుకొన్నతోడనే తన లోపలి తోకయందును, ఐఆర్ఎస్ అను సహాయక ప్రోటీనునందును ఫాస్ఫేటు గుర్తులు వేయును. ఐఆర్ఎస్ త్వచమున నిలుచుటకు దానికిని ఒక పీహెచ్ డొమైను కలదు. ఆ గుర్తులను పట్టుకొని పీఐ3 కైనేజ్ అను ఎంజైము వచ్చి, కొవ్వు పొరలోని పిప్2 వలయమున మూడవ స్థానమునకు ఫాస్ఫేటు తగిలించి పిప్3గా మార్చును. ఇంతవఱకు కణములోపలి నీటిలో తిరుగుచుండిన ఏకేటీ, పీడీకే1 అను రెండు ప్రోటీనులు తమ తమ పీహెచ్ డొమైనులతో ఆ పిప్3ను పట్టుకొని త్వచమున నొకచోటనే కలిసికొనును. కలిసికొన్నవెంటనే పీడీకే1 ఏకేటీకి ఫాస్ఫేటు తగిలించి మేలుకొల్పును. మేలుకొన్న ఏకేటీ ఆజ్ఞవలన గ్లూట్-4 అను చక్కెరవాహకములు లోపలి సంచులనుండి త్వచమునకు చేరి రక్తమందలి చక్కెరను లోనికి తీసికొనును. మొత్తము పనిలో ఇన్సులిన్ వచ్చి తాకినది ఒకసారి, ఎంజైములు కదలినవి పలుమాఱులు. వారినందఱిని ఒక్కచోట కూర్చినది కొవ్వు. "షుగరు" అనగా ఇన్సులిన్ తక్కువగుట యని మన యూళ్ళలో చెప్పుకొందురు. రెండవ రకపు చక్కెరవ్యాధిగల పెక్కుమందిలో తొలిదశయందు ఇన్సులిన్ తగ్గియుండదు, హెచ్చుగనే యుండవచ్చును. తగ్గునది దాని మాటకు కణము చెవి యొగ్గుట. ఆ చెవికి కొవ్వు మధ్యవర్తి యని యెఱుగనివానికి ఆ వ్యాధి యర్థము కాదు.

పూర్వపక్షి ఇచ్చట రెండవ యడ్డంకి పెట్టును. కొవ్వు మాఱుట, ప్రోటీను చేరుట రెండును ఒకేసారి జరుగుచున్నవి సరే, ఏది కారణము, ఏది కార్యము? కలిసి నడచినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదు గదా యనును. న్యాయమైన ప్రశ్న; సమాధానము కంటికి కనబడునది. ఫాస్ఫోలిపేజ్ సీ డెల్టా యొక్క పీహెచ్ డొమైనునకు పచ్చని కాంతి నిచ్చు ప్రోటీనును తగిలించి జీవకణములో ప్రవేశపెట్టిన పరిశోధనలు 1998లో వెలువడినవి. విశ్రాంతిలోనున్న కణము చుట్టును పచ్చని యంచు మెఱయును. సంకేతము తాకి పిప్2 కోయబడినంతనే ఆ యంచు మసకబాఱి పచ్చదనము కణము లోపలి కంతకును వ్యాపించును. పిప్2 తిరిగి పుట్టగానే పచ్చదనము అంచునకు మరలి చేరును. ఇంతకు మించిన ప్రమాణమును బెర్టిల్ హిల్లె, టోబియాస్ మేయర్ బృందములు 2006లో చూపినవి: హార్మోనులేదు, గ్రాహకము లేదు, ఒక మందు తగిలినతోడనే పిప్2నుండి ఐదవ ఫాస్ఫేటును ఊడదీయు ఎంజైమును త్వచమునకు ఈడ్చుకొనివచ్చు ఏర్పాటును కణములో నమర్చిరి. మందు తగిలిన కొన్ని సెకనులలో పిప్2 పోయినది, పోగానే పొటాషియమును వదలెడి కేసీఎన్‌క్యూ అను వాహకద్వారములు మూసికొన్నవి. ప్రోటీనులన్నియు నున్నవి, గ్రాహకము కదలలేదు, కొవ్వు మాఱినది, పని ఆగినది. కారణమెవరో నిర్ణయించుటకు ఇంతకంటె నేమి కావలెను?

రోగములును ఇదే సాక్ష్యము చెప్పుచున్నవి. ఏకేటీ-1 ప్రోటీనులోని పీహెచ్ డొమైనున పదునేడవ స్థానమునందు గ్లుటామిక్ ఆమ్లము స్థానమున లైసిన్ చేరినచో ఋణవిద్యుత్తుండవలసినచోట ధనవిద్యుత్తు వచ్చును. ఆ డొమైను పిప్3 కొఱకు నిరీక్షింపక, త్వచమున ఎల్లప్పుడు నుండు పిప్2నే పట్టుకొని యచటనే నిలిచిపోవును. ఏ హార్మోనును పిలువని కణము పెరుగుమను ఆజ్ఞను ఎడతెగక వినుచుండును. 2007లో స్తనము, పెద్దప్రేగు, అండకోశము మొదలైన వాని క్యాన్సరులలో ఈ మార్పును కనుగొనిరి. దీనికి విపరీతముగ, బీటీకే అను ప్రోటీనులోని పీహెచ్ డొమైనున ఇరువదియెనిమిదవ ఆర్జినిన్ మాఱినచో ఆ డొమైనునకు కొవ్వును పట్టుకొను శక్తి పోవును. బీ లింఫోసైటులు పరిపక్వము కాక రోగనిరోధక ప్రతిద్రవ్యములు పుట్టక బాధపడెడి బాలురు ఇందుకు సాక్షులు. ఇక 1997లో గుర్తింపబడిన పీటెన్ అను కణితిని అణచు ప్రోటీను ప్రోటీనులపై పనిచేయునని తొలుత తలంచిరి. దాని నిజమైన పని పిప్3నుండి మూడవ ఫాస్ఫేటును తీసివేయుట యని మరుసటి యేడే తేలినది. అనేక క్యాన్సరులలో పీటెన్ లోపించియుండును. ఒక్క ఫాస్ఫేటును తుడువని దోషము ప్రాణాంతకమగుచుండగా, ఆ ఫాస్ఫేటును మోయుచున్న కొవ్వు గోడయందలి ఇటుకయే యనుట సమంజసమా?

పూర్వపక్షమున మిగిలిన గట్టి యస్త్రము మఱియొకటి కలదు, దానిని దాటిపోరాదు. పీహెచ్ డొమైనులలో చాలభాగము కొవ్వులను బలహీనముగనే పట్టుకొనుననియు, ఒక్క రూపమునే గుర్తుపట్టు నిశిత దృష్టి కొలదివానికే కలదనియు మార్క్ లెమ్మన్ ప్రభృతులు శ్రమించి చూపిరి. ఇది నిజము, నిజమును దాచుట ఖండనము కాదు. కాని దీనివలన సిద్ధించునది పూర్వపక్షము కాదు. బలహీనమైన రెండు పట్టులు కలిసిననే ప్రోటీను నిలుచునట్లు కణము ఏర్పాటు చేసికొన్నది. తొలి సంచులపై నిలుచు ఈఈఏ1 అను ప్రోటీను తన ఫైవ్ డొమైనుతో మూడవ ఫాస్ఫేటుగల కొవ్వును, మఱియొక భాగముతో రాబ్5 అను చిన్న ప్రోటీనును పట్టుకొనవలెను. రెండింటిలో నొకటి లేనిచో నది నిలువదు. ఒక్క గుర్తుతో పిలుపు నమ్మక రెండు గుర్తులను సరిచూచుట వివేకవంతుని లక్షణము. పట్టు బలహీనమైనందుననే చెఱపబడినప్పుడు వెంటనే విడుచుటకు వీలగుచున్నది. వజ్రలేపమువలె పట్టుకొనునది సంకేతమునకు పనికిరాదు. కావున ఆ యాక్షేపము కొవ్వు యొక్క పనిని తగ్గించుటలేదు, ఆ పని యెంత జాగరూకతతో నడచునో చెప్పుచున్నది.

పీహెచ్ డొమైను ఒక్కటియే కొవ్వు నెఱిగినది కాదు. పిప్2 కోయబడగా త్వచమున మిగులు డైఅసైల్‌గ్లిసరాల్‌ను సీ1 డొమైను పట్టుకొనును. ప్రోటీన్ కైనేజ్ సీ దానివలన మేలుకొనుటను నిషిజుకా కనుగొనెను. కాల్షియముతో కలిసి ఫాస్ఫటిడైల్‌సెరిన్‌ను సీ2 డొమైను పట్టుకొనును. నరముల చివర సినాప్టోటాగ్మిన్ ఈ డొమైనుతోనే తన పని చేయును. బార్ డొమైను వంకరదిరిగిన పొరను గుర్తుపట్టును. వరిచేలలో రక్తపింజర కాటునకు గుఱియైన రైతును ఆసుపత్రికి చేర్చినప్పుడు రక్తము గడ్డకట్టు కాలమును చూచుటకై చేయు ఏపీటీటీ పరీక్షలో రసాయనముతో పాటు ఫాస్ఫోలిపిడ్‌ను కలుపకున్నచో ఫలితము రాదు. రక్తమును గడ్డకట్టించు కారకములు తమ గ్లా డొమైనులతో కాల్షియము సాయమున ఫాస్ఫటిడైల్‌సెరిన్‌ను పట్టుకొన్నచోటనే త్వరితముగ పనిచేయుటయే దానికి కారణము. గోదావరి వరదల వెంట తరతరములుగా డెల్టాను పీడించిన కలరా విషయమును జూడుడు: కలరా విషపు ఐదు భాగముల తొడుగు పేగుకణముపై జీఎం1 అను చక్కెరతో గూడిన కొవ్వును పట్టుకొనియే లోపల ప్రవేశించును. మిత్రుడు, శత్రువు ఇద్దఱును కొవ్వునే చదువుచుండగా, చదువరి పుస్తకము మాత్రము దానిని గోడ యనుచున్నది.

ఈ పని అన్యదేశములకే పరిమితమనియు తలంపరాదు. హైదరాబాదులోని సీసీఎంబీయందు అమితాభ ఛటోపాధ్యాయ బృందము మెదడులోని హిప్పోకాంపస్ త్వచములనుండి కొలెస్టరాలును తీసివేసి చూడగా సెరొటోనిన్ 1ఏ గ్రాహకము తన మందును పట్టుకొను శక్తి తగ్గిపోవుటను నిరూపించినది. గ్రాహకము అక్కడనే యున్నది; దాని చుట్టునున్న కొవ్వు మాఱినంతనే అది గ్రాహకముగ నుండుటయే తగ్గినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ముస్తి జె. స్వామి బృందము ఎద్దు వీర్యమందలి పీడీసీ-109 అను ప్రోటీనును పరిశీలించినది. దాని ఫైబ్రోనెక్టిన్ టైపు-2 డొమైనులు వీర్యకణపు త్వచమందలి కోలిన్ గల కొవ్వులను పట్టుకొనును. ఆ పట్టువలననే ఆ కణము ఫలదీకరణమునకు సిద్ధపడును. మన హైదరాబాదులోనే జరిగిన ఈ పరిశోధనల పేరైనను మన తెలుగు పాఠములకు రాకుండుట విచారకరము.

ఇంతవఱకు కొవ్వును నిందించువారితో వాదించితిని. దీనికి ఎదుటి దిక్కున మఱియొక వాదము పుట్టి, దానికిని ఇటీవల పలువురు శ్రోతలు లభించుచున్నారు: కొవ్వు లేనిది కణము లేదు గనుక నేయి యెంత తిన్నను మేలే, అది త్వచమును బలపఱచునని వారు చెప్పుదురు. నా పక్షమును వాడుకొని తమ పక్షమును నిలుపుకొనుట కిది యెత్తుగడ, కావున దీనిని ఇచ్చటనే ఖండింపవలయును. పిప్2 త్వచమందలి కొవ్వులలో నూటికొకటి ప్రాంతమో అంతకు తక్కువయో యుండును. పిప్3 దానికన్నను బహుకొంచెము. ఇది నేతి గిన్నెనుండి తెచ్చునది కాదు, కణము తన ఎంజైములతో తనకు కావలసిన క్షణమున చేసికొనునది. అట్లే కండరములందును కాలేయమునందును కొవ్వు మితిమీఱి పేరుకొన్నప్పుడు డైఅసైల్‌గ్లిసరాల్ హెచ్చి, సీ1 డొమైనులుగల కైనేజ్‌లను వేళకాని వేళ మేలుకొలిపి ఇన్సులిన్ మాటను అడ్డగించునని ఒక బలమైన ప్రతిపాదనయును కలదు. సంకేతము మితముగ, తగినచోట, తగిన క్షణమున నుండుటవలననే సంకేతమగుచున్నది. తిండికొవ్వును పెంచుట సంకేతమును పెంచుట కాదు. ఆ రెండింటిని కలుపువాడు గోడవాదికన్నను తక్కువ ప్రమాదకరుడు కాడు.

ఇన్ని ప్రమాణములు చూచిన తరువాత తీర్పు చెప్పుట కఠినము కాదు. కణత్వచమునందలి కొవ్వు వార్తను మోయును, వార్తయగును, వార్తకు స్థానమగును. ప్రోటీను డొమైనులు దానిని చదివి పనిచేయును. ఈ రెండింటిని విడదీసి ఒకదానిని పనివానిగను మఱియొకదానిని గోడగను చెప్పుట నిజమును సగము చెప్పుటయే, సగము చెప్పిన నిజము పరీక్షలో మార్కులు తెచ్చినను రోగమున దారి తప్పించును. తెలుగులో జీవశాస్త్రము వ్రాయువారిని, బోధించువారిని నేను కోరునది చిన్న పని: కణత్వచమును గూర్చిన అధ్యాయమున ఇనాసిటాల్ లిపిడ్లకు రెండు పుటలు కేటాయింపుడు, ఇన్సులిన్ పాఠమున గ్రాహకమునకును గ్లూట్-4కును నడుమ పిప్3 పేరును వ్రాయుడు, పీటెన్‌ను, ఏకేటీని, పీహెచ్ డొమైనును ఇంటర్మీడియట్ విద్యార్థికి ఒక్క చిత్రముతో చూపుడు, సుబ్బారావు నీలవర్ణము త్వచశాస్త్రమునకు చేసిన సేవను ఏటీపీ ప్రక్కన జేర్పుడు. తరువాత త్వచము చేయు పని యేమని యడుగు ప్రశ్నకు రక్షణ యని మాత్రము వ్రాసిన జవాబునకు పూర్తి మార్కులు ఇయ్యకుడు.